కాలు కోలుకుంటోంది, ధ్యాస నిలవడం లేదు

ఫోన్ చేసిన ప్రతివాళ్లూ కాలి గురించే అడుగుతున్నారు. నడుస్తున్నావా, మెట్లెక్కుతున్నావా, నొప్పి తగ్గిందా అని. తగ్గింది, నిజంగానే తగ్గింది. కుడి తుంటి కీలు అరిగిపోయి, బోర్డు ముందు ఎడమకాలి మీదే బరువంతా వేసి పాఠాలు చెప్పినదాన్ని. తుంటి మార్పిడి ఆపరేషన్ అయ్యాక, ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగితే ఆ పోటు లేదు. అది నాకు ఎంత పెద్ద వరమో మాటల్లో చెప్పలేను. కానీ తల ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పాలనే ఉంది.

రాత్రి మళ్లీ సరిగా నిద్ర లేదు. వెల్లకిలా పడుకోవాలి, కాళ్ల మధ్య దిండు ఉండాలి, కాలి మీద కాలు పడకూడదు. చిన్నప్పటి నుంచీ పక్కకు తిరిగి ముడుచుకుని పడుకునే మనిషికి అదెంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. స్కందగిరి గుడి మైకు మొదలయ్యేసరికి మెలకువగానే ఉన్నాను. మా ఆయన కాఫీ ఇచ్చి, పేపర్ చేతిలో పెట్టారు. ఒక వార్త రెండు పేరాలు చదివాను. మూడో పేరాలో ‘ఆయన’ అని ఉంది. ఎవరాయన? మళ్లీ పైకి వెళ్లాను. పేరు దొరికింది, కిందికి వచ్చేలోపు సంగతి పోయింది. కాసేపటికి పేపర్ మడిచి పక్కన పెట్టేశాను.

పదకొండింటికి ఫిజియో అబ్బాయి వచ్చాడు. మడమ మంచం మీద జరుపుతూ మోకాలు వంచాలి, పది లెక్కపెట్టాలి. ఆరు దాకా వచ్చాక ఎంతలో ఉన్నానో తెలియలేదు. “నేను లెక్కపెడతా మేడమ్, మీరు కాలు చూసుకోండి” అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! ఇలా చాలామందికి ఉంటుందనీ, డాక్టర్‌గారికి చెప్పమనీ కూడా అతనే అన్నాడు.

ఇది వార్త చదవలేకపోవడంతో పోయేదైతే ఊరుకునేదాన్నేమో. నాకు చేసిన పద్ధతిలో నడుము దగ్గర తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు, కింద కూర్చోకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. ఇవన్నీ ధ్యాస మీద ఆధారపడిన జాగ్రత్తలు. నిన్న టవల్ జారి కింద పడితే చెయ్యి దానంతట అదే కిందికి పోయింది. ఆయన “ఆగు ఆగు” అని కేకేయకపోతే వంగేసేదాన్ని. కొత్త కీలు తప్పుకుంటే మళ్లీ ఆస్పత్రికే. అందుకే ఆయన ఈరోజు చార్ట్ తెచ్చి స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో ‘వంగొద్దు’ అని రాసి మంచానికి ఎదురుగా అతికించారు. బాత్రూమ్ తలుపు మీద ఇంకోటి.

మధ్యాహ్నం పై ఫ్లాట్ పిల్లాడు లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చాడు. టెన్త్, మార్చిలో పరీక్షలు. “టీచర్, ఒక్క డౌట్” అన్నాడు. శ్రేఢులు. మూడుతో భాగించబడే రెండంకెల సంఖ్యలు ఎన్ని? ఈ లెక్క నేను నిద్రలో కూడా చెప్పగలను. మొదటిది 12, చివరిది 99, తేడా 3. సూత్రం స్తోత్రంలా నోటికి వచ్చేసింది. 99లోంచి 12 తీస్తే 87 అని కాగితం మీద వేశాను. అక్కడ ఆగిపోయింది. ఈ 87 ఎందుకు తీశాను, దీన్ని ఏం చెయ్యాలి? పిల్లాడు నా మొహంలోకి చూస్తున్నాడు. కాసేపాగి వాడే మెల్లగా “మూడుతో భాగించాలా టీచర్?” అన్నాడు. 29 వచ్చింది, ఒకటి కలిపి 30 అని వాడే పూర్తి చేశాడు. వాడికి లెక్క వచ్చినందుకు సంతోషమే. వాడు వెళ్లాక మాత్రం ఏడుపొచ్చింది.

మా అత్తగారు చివరి రోజుల్లో మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. ఆ భయం లోపల ఉంది, ఆయనకు కూడా చెప్పలేదు. ఈరోజు చెప్పేశాను. వెంటనే డాక్టర్‌గారికి ఫోన్ కలిపారు.

డాక్టర్‌గారు చాలా ఓపిగ్గా అడిగారు. మనుషుల్ని, రోజుల్ని గుర్తుపడుతున్నానా? జ్వరం ఉందా? ఉన్నట్టుండి తికమకపడి ఏదేదో మాట్లాడడం జరిగిందా? అలాంటిది జరిగితే ఫోన్‌తో సరిపెట్టకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. నాది అది కాదు. పాత విషయాలన్నీ ఉన్నాయి, సూత్రం పొల్లుపోకుండా వచ్చింది కూడా. ఇప్పుడు విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచుకోవడమే కుదరడం లేదు. దానికి కారణాలు ఒకటి కాదు అన్నారు. నొప్పికి వేసుకునే ట్రమడాల్, నరాలకని రాసిన ప్రీగాబలిన్, రెండూ మగత తెచ్చేవే. ఆపరేషన్‌లో రక్తం పోయింది. హీమోగ్లోబిన్ ముందు 11.8 ఉండేది, డిశ్చార్జ్ నాటికి 9.4కి దిగింది. నిద్ర లేదు. బాత్రూమ్‌కి లేవడం కష్టమని నీళ్లు తక్కువ తాగుతున్నాను. ఒళ్లు లోపల గాయం మాన్పుకునే పనిలో ఉంది. ట్రమడాల్ తగ్గించి పారాసిటమాల్ టైముకి వేసుకోమన్నారు, ప్రీగాబలిన్ మాత్రం సొంతంగా ఆపొద్దన్నారు. హీమోగ్లోబిన్, సోడియం, బీ12 పరీక్షలు రాశారు. చాలామందికి వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తేటపడుతుందట.

సాయంత్రం బెంగళూరు నుంచి అబ్బాయి ఫోన్ చేశాడు. నాకు నడుముకే మత్తు ఇచ్చారు, అయినా ఇలా ఎందుకని అడిగాను. వాడు చదివి చెప్పాడు. 2021లో అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1600 మందిని తీసుకుని, కొందరికి నడుముకు, కొందరికి ఒళ్లంతా మత్తు ఇచ్చి చూశారట. ఆపరేషన్ తర్వాత తికమక రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా ఉందట. అంతకు చాలా ముందే, 1955లో, బెడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ డాక్టరు వయసు పైబడినవాళ్లకు ఆపరేషన్ తర్వాత తెలివి మందగించడం గురించి లాన్సెట్ పత్రికలో రాశాడట.

విన్నాక భయం తగ్గింది కానీ కోపం వచ్చింది. ఇంత పాత సంగతిని ఆపరేషన్ ముందు ఒక్కరైనా చెప్పొచ్చు కదా! కమోడ్ ఎంత ఎత్తుండాలో చెప్పారు, కుట్లు ఎప్పుడు తీస్తారో చెప్పారు, రక్తం గడ్డకట్టకుండా మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పారు. కొన్నాళ్లు తల మందకొడిగా ఉంటుంది, కంగారుపడకు, మాకు చెప్పు అని ఒక్క మాట లేదు. ఆ మాట ముందే విని ఉంటే ఇన్ని రాత్రులు అత్తగారిని తలుచుకుంటూ పడుకునేదాన్ని కాదు. మా స్కూల్లో ఇంకో టీచర్ కూడా మోకాలు మార్పిడికి సిద్ధమవుతోంది. రాత్రి భోజనం కాగానే ఆమెకు ఫోన్ చేసి ఇదంతా వివరంగా చెప్పాను. మధ్యలో మాట తప్పిపోయినప్పుడల్లా ఆయన అందించారు.

ఏటా జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్లడం మాకు అలవాటు. ఈసారి లేదు, ఆ రద్దీలో వాకర్ కుదరదు. ఫర్వాలేదు.

రేపు పొద్దున రక్తం తీసుకోవడానికి ల్యాబ్ నుంచి మనిషి వస్తాడు. పిల్లాడిని తొమ్మిదింటికి రమ్మన్నాను, ఆ వేళకి తల కాస్త తేటగా ఉంటోంది. ఒక్క లెక్కే చేద్దామన్నాను, మెట్టు మెట్టుకీ ఎందుకు చేస్తున్నామో పక్కన రాస్తూ.