కడుపులో చల్ల కదిలిన సోమవారం

ఉదయం ఐదింటికి మెలకువ వచ్చింది. మొదటి రెండు నిమిషాలు హాయిగానే ఉంది. ఈ రోజు సోమవారమనీ, నేను పనిచేసే బ్యాంకు బ్రాంచికి ఇన్‌స్పెక్షన్ వారు వస్తున్నారనీ గుర్తు రాగానే బొడ్డు చుట్టూ తడిబట్టను పిండినట్టు మెలిక మొదలైంది. ఆ రెండు నిమిషాల తేడాను నోటుపుస్తకంలో రాసుకున్నాను. నొప్పి నన్ను నిద్రలేపిందా, నేను లేచాక నొప్పి వచ్చిందా అన్నది ముఖ్యమైన ప్రశ్న అని డాక్టరమ్మగారు చెప్పారు. ఆరు వారాలుగా ఈ పుస్తకం రాస్తున్నాను. రోజుకు నాలుగు గడులు: ఏ వేళకు, ఏమి తిన్నాను, కడుపు ఎలా ఉంది, అప్పుడు మనసులో ఏముంది. నాలుగో గడి నాకై నాకు తోచినది కాదు, ఆవిడ పట్టుబట్టి గీయించినది.

ఈ బాధ మొదలై ఎనిమిది నెలలైంది. ఉబ్బరం, తేన్పులు, కడుపులో దేవినట్టుండడం, ఉన్నట్టుండి మరుగుదొడ్డికి పరుగెత్తవలసి రావడం. మొదట అందరిలాగే గ్యాస్ అనుకున్నాను. వాము నమిలాను, జీలకర్ర కాచిన నీళ్ళు తాగాను, ఆవకాయ మానేశాను, పరగడుపున పాంటొప్రజోల్ అనే ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకున్నాను. మంట కొంత తగ్గింది గాని మెలిక తగ్గలేదు. ఎండోస్కోపీ, అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ చేయించారు, అన్నీ సవ్యంగానే వచ్చాయి. రిపోర్టులు తిరగేసిన పెద్ద డాక్టరు "మీకేమీ లేదమ్మా, ఊరికే ఆలోచిస్తున్నారు" అని కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టారు. ఏ క్యాన్సరో అయి ఉంటుందని నెలల తరబడి లోలోపల వణికిన నాకు ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో అంత గాయమూ చేసింది. ఏమీ లేని మనిషి వంటింటి గట్టు పట్టుకుని పావుగంట వంగి నిలబడుతుందా అని ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను.

తరువాత చూసిన డాక్టరమ్మగారు నొప్పి నిజమేనన్న మాటతో మొదలుపెట్టారు. మందుల చీటీ వెనుక ఒక తల, ఒక కడుపు, వాటి మధ్య ఒక గీత గీసి, అది వేగస్ నాడి అన్నారు. పేగుల గోడల్లోనే పది కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయట, నాడుల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనంలో, శరీరంలో ఉన్నదానిలో తొంభై శాతం దాకా ఉండేది అక్కడేనట. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఆ గీత మీద ఆవిడ వేసిన బాణపు గుర్తులు. ఆ నాడిలోని పోగుల్లో ఐదింట నాలుగు వంతులు కడుపు నుంచి తలకు కబురు మోసేవేనట, తల నుంచి కిందికి దిగేవి తక్కువేనట. అంటే గుబులు కడుపును కలచడమే కాదు, కలత చెందిన కడుపు కూడా గుబులును పెంచుతుంది. అందుకే "ఇది కడుపు జబ్బా, మనసు జబ్బా" అని నేను అడిగిన ప్రశ్నకు ఆవిడ రెండింటిలో ఒకటి ఎంచి చెప్పలేదు. ఆ జవాబు కోసం నేను కూడా ఇప్పుడు వెతకడం లేదు.

అదే రోజు ఆవిడ మరొక సంగతి గట్టిగా చెప్పారు. బరువు తగ్గడం, మలంలో నెత్తురు, నల్లటి విరేచనం, ముద్ద మింగుడుపడకపోవడం, రాత్రి నిద్రలేపే నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆందోళన అని సరిపెట్టుకోకుండా వెంటనే రావాలన్నారు. వాటిని పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను.

కడుపు గురించి చదువుతున్నప్పుడు తెలిసిన ఒక కథ ఈ మధ్య నాకు తోడుగా ఉంటోంది. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గుండు తగిలింది. గాయం మానింది గాని జీర్ణాశయానికి పడిన రంధ్రం పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రం గుండా జీర్ణక్రియను ఏళ్ళ తరబడి గమనించి 1833లో పుస్తకంగా అచ్చువేశాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చిన వేళ అతని జీర్ణాశయం తీరు మారిపోవడం కూడా అందులో నమోదైంది. పూట గడవని ఆ మనిషి తన కడుపును అన్నేళ్ళు పరులకు తెరిచి చూపించవలసి రావడం తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అయినా, ఈ మార్పును ఒకరు ఊహించి చెప్పకుండా కళ్ళతో చూశారన్నది నాకు ధైర్యం.

ఉదయం పెసరకట్టుతో నాలుగు ముద్దలు తిని, ఆ తరువాతే కాఫీ తాగాను. పరగడుపున కాఫీ మానడం నేను చేసుకున్న మార్పుల్లో అన్నిటికంటే కష్టమైనది. లంగా బొందు ఒక చుట్టు వదులుగా కట్టుకున్నాను, ఇది ఏ డాక్టరూ చెప్పలేదు. విజయవాడ నుంచి తెనాలికి వెళ్ళే ప్యాసింజరులో మరుగుదొడ్డి ఉన్న పెట్టె ఎక్కడ ఆగుతుందో నాకు కంఠస్థం. ఈ రోజు కిటికీ పక్కన కూర్చుని చేయి బొడ్డు మీద ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకుని ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలాను. కృష్ణ దాటేటప్పుడు మొదలుపెడితే దుగ్గిరాలకు వచ్చేసరికి నొప్పి పోలేదు గాని, పిండుతున్న చేయి పట్టు సడలించినట్టయింది. ఊపిరితో నొప్పి మాయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది మోయగలిగినంతకు దిగుతుంది, అంతే.

నా అసలు భయం ఇన్‌స్పెక్షన్ కాదు, స్ట్రాంగ్‌రూము. తాకట్టు బంగారానికి మేనేజరుగారి దగ్గర ఒక తాళంచెవి, నా దగ్గర ఒక తాళంచెవి. ప్యాకెట్లు బయటికి తీసి తూకం వేస్తున్నంతసేపూ ఇద్దరమూ అక్కడే ఉండాలి, మధ్యలో లేచి వెళ్ళే వీలు లేదు. వెళ్ళలేనన్న తలపు వస్తే చాలు, వెళ్ళవలసిన అవసరం అప్పుడే పుడుతుంది. ఇన్నాళ్ళూ ఇన్‌స్పెక్షన్ రోజున పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా నెట్టుకొచ్చాను. ఈ రోజు మాత్రం తలుపు తెరవకముందే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారితో, "సార్, నాకు కడుపులో ఇబ్బంది ఉంది, మధ్యలో పది నిమిషాలు బయటికి వెళ్ళవలసి రావచ్చు, అప్పుడు ప్యాకెట్లన్నీ లోపల పెట్టి తాళం వేసి వెళ్తాను" అని చెప్పేశాను. నా గొంతు వణికింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుంటూ "దానికేముందమ్మా, చెప్పండి, ఆపుదాం" అన్నారు. మొదటి గంటలో ఒకసారి నిజంగానే ఆపవలసి వచ్చింది, అందరూ వేచి ఉన్నారు, నేను సిగ్గుపడ్డాను. ఆ తరువాత రెండు గంటల పాటు తూకం జరిగినా ఆ అవసరం మళ్ళీ రాలేదు. తూకాలు సరిపోయాయి.

మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాను. చెప్పుకోదగ్గది మరేమీ లేదు.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం నేను మాట్లాడలేక పెట్టేశానని ఆవిడకు అనుమానం వచ్చినట్టుంది. "ఆదివారమైనా కడుపులో చల్ల కదలకుండా కూర్చోలేవా నువ్వు" అని, కాసేపాగి, "చిన్నప్పుడూ అంతే కదే, హాస్టల్‌కు బయలుదేరే ఆదివారం సాయంత్రం కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకునేదానివి. మీ నాన్న దొంగ నొప్పి అనేవారు. మీ నాయనమ్మేమో పిల్ల బెంగ పెట్టుకుందిరా అని పొట్ట మీద ఆముదం రాసి, బస్సు ఎక్కేదాకా నిన్ను వదిలేది కాదు" అంది. ఆ సంగతి నాకు పూర్తిగా మరుగున పడిపోయింది. ఆముదం జిడ్డు వాసన, గరుకు అరచేయి మాత్రం ఆమె చెబుతుండగానే తిరిగి వచ్చాయి. బెంగకు జ్వరం వస్తుందనీ, బెంగకు అన్నం సయించదనీ మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఎరుగుదురు. ఆ మాటలో నింద ఉండేది కాదు, ఊరికే ఆలోచిస్తున్నావని తోసిపుచ్చడమూ ఉండేది కాదు. పిల్ల బెంగ పెట్టుకుందంటే పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలని అర్థం.

ఫోన్ పెట్టేశాక పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. ఈ ఆరు వారాల్లో బాగా చెడ్డ రోజులు పదకొండు. అందులో ఆరు ఆదివారం సాయంత్రం ఐదు దాటాక మొదలై సోమవారానికి పాకినవి, మూడు నెలాఖరువి. ఒకటి పెళ్ళి భోజనం మరునాటిది. మిగిలిన ఒక్క రోజుకు ఏ కారణమూ కనిపించలేదు, నాలుగో గడిలో ఆ రోజు "ఏమీ లేదు" అనే ఉంది, దాన్ని మార్చలేదు. ఒకే ఇడ్లీ, ఒకే పల్లీ పచ్చడి శనివారం ఏమీ చేయకుండా సోమవారం పిండేసిన సంగతి మాత్రం నాలుగు చోట్ల దొరికింది.

గురువారం డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాలి. కౌన్సెలింగ్ ఉందనీ, అవసరమైతే పేగుల నొప్పికి చిన్న మోతాదులో వాడే మందు ఉందనీ పోయినసారి చెప్పారు, నేనే ఆలోచించుకుంటానన్నాను. ఈసారి కౌన్సెలింగ్‌కు పేరు రాయించుకుంటాను. ఇప్పుడు తొమ్మిదిన్నర. వేడినీళ్ళ సంచి పొట్ట మీద ఉంది. మెలిక తీవ్రత పదింట మూడు. నాలుగో గడిలో "నాయనమ్మ" అని రాశాను.