మూడున్నర ట్రైనింగు

ఈయన నిద్రపోయారు. అత్తయ్య టీవీ కూడా కట్టేశారు. నాకే మధ్యాహ్నం నుంచి ఒకటే చిరాకు.

ఇవాళ మా రెస్టారెంట్లో డైవర్సిటీ ట్రైనింగట, అంటే ఎవర్నీ తేడాగా చూడకూడదని చెప్పే క్లాసు. ఎప్పుడు పెట్టారనుకున్నారు? మూడున్నరకి! లంచ్ రద్దీ తగ్గి, కిచెన్ కుర్రాళ్ళు అట్టపెట్టెలు పరుచుకుని నడుం వాల్చే వేళ. మళ్ళీ అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడాల్సినవాళ్ళు. తందూరు అబ్బాయి కూర్చునే కునుకు తీశాడు. ట్రైనరు సరిగ్గా అతన్నే లేపి ప్రశ్న వేశాడు. ఉలిక్కిపడి లేచి "ఎన్ని నాన్లు సార్?" అన్నాడు పాపం.

ఆపైన స్టార్‌బక్స్ కాఫీ షాపుల కథ. 2018 ఏప్రిల్‌లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని వాళ్ళ షాపులో, ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకులకి పోలీసులు బేడీలు వేశారు. దాంతో గొడవై, మే 29 మధ్యాహ్నం అమెరికాలో 8,000కు పైగా షాపులు మూసి, దాదాపు 1,75,000 మందికి ట్రైనింగిచ్చారు. వాళ్ళు బేరం ఆపుకుని చెప్పారు. వీళ్ళు మా నిద్ర ఆపి చెబుతున్నారు.

చివర్లో ఫారాలు: మీ ఆలోచన మారిందా? పూర్తిగా మారిందని అందరం 5 అంకె చుట్టూ సున్నా చుట్టేశాం.

అప్పుడే అమ్మమ్మ వాళ్ళ ఊరి టీ హోటలు గుర్తొచ్చింది. దళిత పేటవాళ్ళ గ్లాసులు చూరులో దోపి ఉండేవి. వాళ్ళే తీసుకుని, బయట నిలబడి తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. మాకేమో లోపల బల్లలు. హోటళ్ళ పేరు ఎత్తి మరీ ఇది కుదరదని రాజ్యాంగం 15వ అధికరణంలో 1950 నుంచీ ఉంది. ఒక వేసవికి వెళ్ళేసరికి అందరికీ ప్లాస్టిక్ కప్పులే! పేట కుర్రాళ్ళు కేసు పెడతామన్నారట. హోటలాయన మామయ్య దగ్గర సణుగుతూనే ఉన్నాడు. మనసేం మారలేదు. చూరులో గ్లాసులు మాత్రం పోయాయి.

కాబట్టి ఈ ట్రైనింగులన్నీ దండగ, కేసు భయం ఉంటే చాలు అని రాసేద్దామనే కూర్చున్నాను. కానీ మా గిన్నెలు తోమే ఆమె ఇవాళ లేచి అడిగింది: "సర్వీసు పిల్లలు బల్ల దగ్గర తింటారు. మేమెందుకు సార్ సింకు పక్కన నిలబడి తినాలి?" ట్రైనరు "మంచి ప్రశ్న" అని తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయాడు. వెళ్తే వెళ్ళాడు. మేనేజరు ముందు ఆమె నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు. అడగడానికి ఒక చోటంటూ దొరికింది కదా. అందుకని పూర్తిగా దండగ అనలేకపోతున్నాను.

రేపు రెండో బ్యాచి. మళ్ళీ మూడున్నరకే. పొద్దున్న పదకొండింటికి పెట్టొచ్చుగా అని మేనేజర్ని అడిగాను.

"అప్పుడు వాళ్ళకి పనుంటుంది కదమ్మా" అన్నాడు.