సీఎంఎంఐ లెవెల్ 3 వేరు, స్పైస్ లెవెల్ 2 వేరు: నా అనుభవం

మాది కార్ల విడిభాగాలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ. టెండర్ల కోసం సీఎంఎంఐ లెవెల్ 3 కావాలని సేల్స్ వాళ్లు, ఆటోమోటివ్ స్పైస్ లెవెల్ 2 చూపించమని జర్మనీ కస్టమర్. రెండూ పని చేసే పద్ధతులు (ప్రాసెస్‌లు) ఎంత పక్కాగా ఉన్నాయో కొలిచే నమూనాలే, స్పైస్ కార్ల రంగానిది. క్వాలిటీ చూసేది నేనే కాబట్టి రెండూ నా మెడకే చుట్టుకున్నాయి. ‘‘3 వస్తే 2 వచ్చినట్టే కదమ్మా’’ అన్నారు మా డైరెక్టర్ గారు.

రాదు. సీఎంఎంఐ మూలాలు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్ల సత్తా ఎంతో తేల్చుకోవడానికి అమెరికా రక్షణ శాఖ చేయించిన పని అది. అందుకే మెచ్యూరిటీ లెవెల్ అంటే మదింపుకి పెట్టిన యూనిట్ మొత్తానికీ ఒకే అంకె. స్పైస్‌లో ఏ ప్రాసెస్ మార్కు దానిదే, 0 నుంచి 5 వరకు. రిక్వైర్‌మెంట్స్‌కి 2 వచ్చి, టెస్టింగ్ 1 దగ్గరే ఆగిపోవచ్చు.

అసలు మెలిక స్పైస్‌లో మార్కులు వేసే తీరులో ఉంది. సాధించింది 15 శాతం లోపైతే ఎన్ (లేదు), 50 దాకా పీ (కొంత), 85 దాకా ఎల్ (చాలావరకు), ఆపైన ఎఫ్ (పూర్తిగా). లెవెల్ 2 అంశాలకు ఎల్ చాలు గానీ, కింద ఉన్న లెవెల్ 1కి ఎఫ్ పడాల్సిందే. ప్లానింగ్ ఎంత నీట్‌గా ఉన్నా అసలు పనిలో లోటుంటే పైకి పోనివ్వరు. నాకు ఈ పద్ధతే నచ్చింది. ఎక్కడ వెనకబడ్డామో దాక్కోవడానికి చోటుండదు.

ముందస్తు అసెస్‌మెంట్‌లో అసెసర్ గారు ఒక రిక్వైర్‌మెంట్ మీద వేలు పెట్టి, ‘‘దీన్ని ఏ టెస్ట్ కేస్ చూస్తోంది?’’ అన్నారు. మా ఇంజనీర్ టక్కున చూపించాడు. ‘‘ఇప్పుడు అక్కణ్నుంచి వెనక్కి రండి.’’ లింకు పట్టుకుని వస్తే పాత వెర్షన్ తేలింది. గదిలో అందరికీ టెన్షన్. ఇంకో నాలుగు లింకులు చూసి ఎల్ వేశారు. అంటే ఆ ప్రాసెస్ లెవెల్ 1 దగ్గరే.

ముందుగా స్పైస్ పనే పెట్టుకున్నాం. ట్రేసబిలిటీ (రిక్వైర్‌మెంట్ నుంచి టెస్ట్ దాకా ఉండే లింకులు), రివ్యూ రికార్డులు, ప్లాన్‌లు రెండింటికీ పనికొస్తాయి. సీఎంఎంఐ 3కి అదనంగా సంస్థ అంతటికీ ఒక ప్రామాణిక ప్రాసెస్, దాన్ని ప్రాజెక్టుకు తగ్గట్టు మలుచుకునే నియమాలు, ట్రైనింగ్ ఏర్పాటు కావాలి. స్పైస్ లెవెల్ 2 వాటిని అడగదు. ఆ పని ఇప్పుడు నడుస్తోంది. ఈలోగా సేల్స్ వాళ్లు ప్రెజెంటేషన్‌లో ‘లెవెల్ 3’ అని రాసేసుకున్నారు, తీయించాను.