హంపికా, దివ్యకా

మాది బల్లార్షా. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. చదరంగం నేర్పేటప్పుడు నేను బంటు అంటే మా పాప ప్యాదా అనేది, ఏనుగు అంటే హత్తీ అనేది, ఇప్పటికీ మా ఇద్దరి ఆట అట్లాగే నడుస్తుంది. 2025 జులైలో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ వచ్చేసరికి మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. నాది హంపి పార్టీ. పాపది దివ్య పార్టీ, నాగపూర్ అమ్మాయి కదా, రైలెక్కితే మూడు గంటల్లో వాళ్ల ఊరే.

హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్, అంటే చదరంగంలో అన్నిటికంటే పెద్ద హోదా, అందుకునేనాటికి దివ్య ఇంకా పుట్టలేదు.

ఎక్కువ టైం ఇచ్చే క్లాసికల్ గేమ్‌లు రెండూ డ్రా. మొదటి దాంట్లో దివ్యకు గెలిచే అవకాశం వచ్చి చేజారింది, అప్పుడు నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. 28న, సోమవారం, టై బ్రేక్, అంటే విజేతను తేల్చే ర్యాపిడ్ గేమ్‌లు, తక్కువ టైంలో ఆడేవి. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు వేసిన ప్రతిసారీ 10 సెకన్లు కలుస్తాయి. మొదటి ర్యాపిడ్ కూడా డ్రా. రెండో దాంట్లో హంపికి తెల్లపావులు, పైగా ఆమె 2019లో, 2024లో ర్యాపిడ్ ప్రపంచ ఛాంపియన్. ఇక మనదే అనుకున్నాను.

కానీ ఆట సాగేకొద్దీ ఆమె టైం కరిగిపోయింది. ఎండ్‌గేమ్‌లో, అంటే బోర్డు మీద కొన్ని పావులే మిగిలే చివరి దశలో, ఆ 10 సెకన్ల మీదే బతకడం ఎంత కష్టమో ఆడినవాళ్లకు తెలుసు, ఎందుకంటే అక్కడ బంటు ఎత్తులే ప్రాణం మీదికి తెస్తాయి: ఏనుగును తప్పుగా జరిపితే మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు, బంటు ఒక గడి ముందుకు పోయిందంటే ఇక రాదు. చేతిలో ఉన్న గేమును దివ్య కూడా ఒక దశలో కాస్త పాడుచేసుకుంది. ఇద్దరూ తడబడ్డారు, ఆఖరి తడబాటు హంపిది. నల్లపావులతో దివ్య గెలిచింది.

వాళ్లమ్మను పట్టుకుని ఆ అమ్మాయి ఏడుస్తుంటే నాకూ కళ్లు చెమర్చాయి. గ్రాండ్‌మాస్టర్ కావడానికి మామూలుగా పోటీల్లో సాధించాల్సిన నార్మ్‌లు ఒక్కటి కూడా లేకుండా వచ్చి, 19 ఏళ్లకే కప్పుతో పాటు ఆ హోదా కూడా తీసుకుపోయింది, దేశంలో 88వ గ్రాండ్‌మాస్టర్. అయినా నా మనసు ఓడినామె దగ్గరే ఆగింది. బిడ్డ పుట్టాక ఆటకు దూరమై, తిరిగొచ్చి, 38 ఏళ్లకు తనలో సగం వయసున్న పిల్లతో అన్ని గంటలు ఆడింది కదా. ఆ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడకపోవడం నాకు అన్యాయంగా అనిపించింది.

చప్పట్లు కొడుతున్న పాప నా మొహం చూసి ఆగింది.

"బాపూ, బాధైందా?"

"అయింది బిడ్డా."

కాసేపటికి అదే బోర్డు తెచ్చి, ఎండ్‌గేమ్ పేర్చమంది. తెల్లపావులు తన వైపు తిప్పుకుంది.