నల్లబడిన ఫ్లాస్క్, నాన్న బీపీ మాత్ర

పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేసరికి నిన్న పెట్టిన సుజుకి రియాక్షన్ (పల్లాడియం సాయంతో రెండు కార్బన్ వలయాల్ని కలిపేది) నల్లబడిపోయి ఉంది. నిన్న సాయంత్రం లేత పసుపు రంగులో తేటగా ఉండింది. ఇప్పుడు ఫ్లాస్క్ గోడలకి మసి పట్టినట్టు పల్లాడియం. టీఎల్‌సీ, అంటే ఫ్లాస్క్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే చిన్న పరీక్ష, చూస్తే స్టార్టింగ్ మెటీరియల్ దాదాపు అంతా అలాగే ఉంది.

పదిహేడేళ్ళుగా ఈ లోహాలతోనే పని. అయినా ఆ నలుపు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పల్లాడియం పరమాణువుల చుట్టూ వాటిని పట్టుకుని ఫాస్ఫీన్లనే అణువులు ఉన్నంతసేపే అవి మాట వింటాయి. ఆ కాపలా పోతే ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి చేరతాయి.

రియాక్షన్ పెట్టిన అమ్మాయి మొహం వాడిపోయింది. "ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు మేడమ్" అంది. ఇద్దరం నోట్‌బుక్ ముందేసుకుని మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాం. ద్రావకమైన టోలీన్‌లోంచి గాలి పోయేలా అరగంట నైట్రోజన్ పంపింది. నీళ్ళలో కరిగించిన పొటాషియం కార్బొనేట్‌ని మాత్రం అలాగే పోసేసింది. వాడిన కాటలిస్టు, అంటే రియాక్షన్‌ని నడిపించే పల్లాడియం, చాలా కొద్దిగా, అర మోల్ శాతమే కాబట్టి నీళ్ళలో ఉన్న ఆ కాస్త ఆక్సిజన్ చాలు, ఫాస్ఫీన్ ఆక్సైడ్ అయిపోవడానికి. నేనూ పీహెచ్‌డీ మొదటి ఏడు ఇలాగే నెల రోజులు పోగొట్టుకున్నాను. ఆ మాట చెప్పాక కొంచెం తేరుకుంది. మధ్యాహ్నం రెండింటిలోంచీ గాలి తీసి మళ్ళీ పెట్టాం.

సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకి బీపీ మాత్ర ఇస్తుంటే మళ్ళీ అదే ధ్యాస. లోసార్టాన్. అందులో రెండు బెంజీన్ వలయాలు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. 1990లలో ఆ మందుని పెద్ద ఎత్తున తయారుచేసేందుకు ఆ రెండింటినీ కలిపింది ఈ రియాక్షనే. 1979లో హొక్కైడో విశ్వవిద్యాలయంలో సుజుకి, మియౌరా దీన్ని ప్రచురించారు. సుజుకి దీనికి పేటెంట్ తీసుకోలేదు. ప్రభుత్వం డబ్బుతో చేసిన పని కదా అన్నది ఆయన ఆలోచన. 2010లో, పల్లాడియంతోనే ఇలాంటి రియాక్షన్లు కనిపెట్టిన హెక్, నెగిషిలతో పాటు నోబెల్ వచ్చేనాటికి ఆయనకి 80 ఏళ్ళు. నోబెల్ కన్నా ఆ పేటెంట్ సంగతికే నేనెక్కువ దణ్ణం పెట్టుకుంటాను.

కరెంటు బిల్లు వెనక రెండు వలయాలు గీసి, మధ్యలో గీతని పెన్నుతో దిద్ది నాన్నకి చూపించాను.

"రోజంతా ఈ గీత కోసమేనా అమ్మా?" అన్నారు.

"అవును నాన్నా."

కాగితం చాలాసేపు చూసి, మడిచి, మాత్రల డబ్బాలో పెట్టుకున్నారు.

తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఫ్లాస్క్ ఇంకా పసుపుగానే ఉందట.