గట్టు కింద దిబ్బరొట్టె

కార్తీకమాసంలో ఒక శనివారం మా మేనకోడలు బెంగళూరు నుంచి ఇద్దరు స్నేహితురాళ్లతో, ఒక టెంటుతో దిగింది. టెంటంటే పెళ్లిళ్లకి వేసే షామియానా అనుకునేరు. గొడుగులా మడిచి భుజాన తగిలించుకునేది. "మావయ్యా, రాత్రికి ఏటి ఒడ్డునే పడక. వంట నువ్వే" అని ముందు రోజే ఫోన్లో హుకుం జారీ చేసేసింది.

మా అక్క వాళ్లది రాజోలు వైపు, వశిష్ఠ గోదావరిని ఆనుకుని ఉన్న ఊరు. నేనుండేది పాలకొల్లులో. చించినాడ వంతెన దాటితే దిండి, అక్కణ్ణించి కోనసీమే. దగ్గరే కాబట్టి ఇలాంటి హుకుంలు నాకు తరచూ వస్తుంటాయి.

టెంటు చూసి అక్క నవ్వింది. "నేను కాపురానికొచ్చిన ఏడాదే 86 వరదొచ్చింది. గేదెలతో సహా గట్టు మీదే పడుకున్నాం. మూడు ఇటుకల మీద గంజి కాచుకున్నాం. దీనికి క్యాంపింగ్ అని పేరుందని అప్పుడెవరూ చెప్పలేదమ్మా" అంది. ఆ అమ్మాయిలకి ఏమనాలో తెలియక వాళ్లూ నవ్వారు.

వంట సంగతి. మా చిన్నది, అదే మేనకోడలు, యూట్యూబ్‌లో చూసిందట, బంగాళాదుంపలు, క్యారెట్టు, వెన్న కలిపి ఇంట్లోనే రేకు కాగితంలో పొట్లాలు కట్టి తీసుకెళ్లి, అక్కడ నిప్పుల్లో పడేస్తే చాలట. పొట్లం నాకు నచ్చలేదు గానీ అందులోని కిటుకు నచ్చింది. పని ఇంటి దగ్గర అయిపోవాలి, నిప్పు దగ్గర కబుర్లు తప్ప ఇంకేం మిగలకూడదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. నాలుగేళ్ల కిందట స్నేహితులం కొందరం ఇలాగే ఏటి ఒడ్డున కోడికూర పెట్టాం. ఉల్లిపాయలు తరగడం దగ్గర్నుంచీ అన్నీ అక్కడే. ఒకడు ఫోన్ లైటు పట్టుకుంటే ఇంకొకడు తరిగాడు. కారం డబ్బా అనుకుని పసుపు రెండుసార్లు వేశారు. తినేసరికి పదకొండు దాటింది. దోమలు మాత్రం ఎనిమిదింటికే భోంచేశాయి.

పైగా కార్తీకం. అక్క ఇంట్లో ఈ నెలంతా నీచు వండరు. అందుకని దిబ్బరొట్టె అన్నాను. "గ్యాస్ మీద అమ్మ వేసేదేగా" అని చిన్నది మూతి విరిచింది. గ్యాస్ మీద వేసేది దిబ్బరొట్టె కాదమ్మా, లావుగా ఉన్న అట్టు. దానికి కింద నిప్పు, మీద నిప్పు ఉండాలి. మా అమ్మ వేసే రోజుల్లో ఇనప మూకుడు మీద రేకు మూత పెట్టి, దాని మీద కొబ్బరి డొక్కల, అంటే పీచు తొక్కల, నిప్పులు పరిచేది. ఆ మూకుడు నా దగ్గరే ఉంది. అమ్మ పోయాక నేను తెచ్చుకున్నాను. అక్కకి ఆ విషయం మీద ఇప్పటికీ నా మీద చిన్న కోపం.

కొలత చెబుతాను. ఆరుగురికి రాత్రికీ పొద్దుటికీ సరిపడా అనుకుని మూడు గ్లాసుల మినప్పప్పు, ఆరు గ్లాసుల ఇడ్లీ రవ్వ తీసుకున్నాను. ఒకటికి రెండు, అంతే. పప్పు తెల్లవారుజామున నానబోసి, పదకొండింటికి గ్రైండర్లో వేశాను. నీళ్లు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బాలి. గరిటెతో తీస్తే ముద్దలా జారి పడాలి గానీ ధారగా కారకూడదు. ఇంట్లో కాస్త పల్చనైనా సర్దుకోవచ్చు గానీ నిప్పుల మీద మంట మన చేతిలో ఉండదు. పిండి పల్చనైతే అడుగు మాడిపోతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది. రవ్వ కడిగి గంటసేపు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలిపాను. ఉప్పు, జీలకర్ర కాగితంలో పొట్లం కట్టి విడిగా పెట్టుకున్నాను. అల్లం పచ్చడి రెండు రోజుల ముందే చేసి ఉంది. అది వారమైనా ఆగుతుంది. చిన్న సీసాలో పప్పునూనె, ఇంకో సీసాలో చెరకు పానకం. పానకం పోయిన ఏడాదిది. కొత్తది రావాలంటే ఇంకా టైముంది.

ఇక్కడే ఒక తప్పు చేశాను. పిండిని స్టీలు క్యానులో మూతి దాకా నింపాను. గ్రైండర్లోంచి తీసిన పిండి వెచ్చగా ఉంది. దారిలో ఒక పరామర్శ ఉంటే ఆగాను, కారు రెండు గంటలు ఎండలోనే ఉండిపోయింది. వంతెన మీదకొచ్చేసరికి వెనక సీట్లో 'టప్' మని చప్పుడు. టైరేమో అనుకుని పక్కకి ఆపాను. చూస్తే క్యాను మూత సీటు కింద ఉంది, పిండి సీటు మీద ఉంది. ఆ రెండు గంటల్లోనే పొంగిపోయింది. క్యానులో సగానికి మించి పోయకండి. సీటు కవరు రెండుసార్లు ఉతికించాను. వానొచ్చి అద్దాలు మూస్తే ఇప్పటికీ ఇడ్లీ హోటల్లో కూర్చున్నట్టే ఉంటుంది.

ఒడ్డున చోటు చూపించింది మా బావ. పిల్లలు నీళ్ల అంచుకి టెంటు వేద్దామన్నారు, ఫోటోకి బాగుంటుందని. బావ ఏమీ అనకుండా ఇసకలో గుర్రపుడెక్క ఎండిపోయి ఒక గీతలా పడి ఉంటే అది చూపించాడు. పొద్దున్న పోటు అక్కడి దాకా వచ్చిందన్నమాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి మంచినీటి ఏరే గానీ, సముద్రానికి ఇంత దగ్గరికొచ్చాక రోజుకి రెండుసార్లు దాని మాట వినక తప్పదు. పౌర్ణమి దగ్గరపడితే పోటు ఇంకా ఎక్కుతుంది. ఆ గీతకి పది అడుగులు పైన టెంటు, పొయ్యి మాత్రం గీత దగ్గరే. తెల్లారేసరికి బూడిద ఏరే కడుక్కుపోతుందని బావ లెక్క. కొబ్బరిచెట్ల కింద నిప్పు పెట్టొద్దన్నాడు. ఎండుమట్ట ఒక్కటి రాలినా చాలు.

ఇసకలో మూర వెడల్పున, జానెడు లోతున గొయ్యి తీశాం. సాయంత్రమైతే ఏటి మీంచి గాలి ఈడ్చి కొడుతుంది, పైన రాజేస్తే నిప్పు నిలవదు. ముందు ఎండు కమ్మలు, వాటి మీద చీల్చిన మట్ట ముక్కలు, ఆ పైన డొక్కలు. కమ్మ భగ్గుమని చల్లారిపోతుంది. డొక్క అలా కాదు, ముందు కళ్లు మండేలా పొగ పెట్టి, తర్వాత నింపాదిగా కాలుతుంది. రెండు మూడు కొబ్బరి చిప్పలు కూడా వేశాం. చిప్ప నిప్పు చాలా చురుకు, అంతకు మించి వద్దు.

అసలు కష్టం మంట చల్లారే దాకా ఆగడం. నాకే ఆగలేదు. ముగ్గురు ఆడపిల్లలు ఆకలని చుట్టూ కూర్చుంటే, డొక్కలింకా నాలుకలు చాస్తుండగానే మూకుడు పెట్టేశాను. నూనె పోసి, రెండు వేళ్ల మందాన పిండి పరిచి, మూత పెట్టి, మీద నిప్పులు వేశాను. పది నిమిషాలకే మాడు వాసన. మూత తీస్తే పైన బంగారం, కింద బొగ్గు. చిన్నది ఫోన్ తీసింది, ఫోటోకి. "ఎవరికీ పంపకు" అన్నాను. అప్పటికే పంపేసిందట. మాడిన చెక్క తీసేసి మిగతాది అందరం తలో ముక్కా తిన్నాం. చెక్క ఊరి కుక్క తీసుకెళ్లింది, అది కూడా ఒకసారి వాసన చూసి ఆలోచించింది.

రెండోదానికి బుద్ధిగా ఆగాను. డొక్కలు ఎర్రబడి, మీద బూడిద పొర కట్టాక సగం నిప్పులు పారతో పక్కకి లాగాం. గోతిలో పల్చగా ఒక వరస మాత్రమే ఉంచి, మూడు ఇటుక ముక్కల మీద మూకుడు కాస్త ఎత్తున నిలబెట్టాను. పక్కకి లాగిన నిప్పులు మూత మీదకి. కింద కంటే మీద ఎక్కువ ఉండాలి, అడుగున ఎలాగూ నూనె మరుగుతూ ఉంటుంది. మా అమ్మ అరచెయ్యి మూతకి జానెడు ఎత్తున పెట్టి చూసేది. ఐదు లెక్కపెట్టే దాకా ఓర్చుకోగలిగితే సరిపోయిన సెగ, మూడుకే చెయ్యి లాగేస్తే ఎక్కువ. పావుగంటకి ఒకసారి మూకుడు సగం తిప్పాను, గాలి వైపు ఎక్కువ కాలకుండా. మొత్తం అరగంట పట్టింది. ఆ అరగంటలో నేను చేసిన పని అదొక్కటే.

అంచుల్లో నూనె చిటపటలు తగ్గి, మినప వాసన కమ్మగా మారినప్పుడు తీశాను. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. పళ్లెంలోకి తిరగేస్తే కింద తేగ రంగు, పైన లేత గోధుమ. పైపెంకు కరకర, లోపల దూది. ముక్క విరిచి పానకంలో ముంచి ఒకటి, అల్లం పచ్చడితో ఒకటి. చిన్నది ఇంకేమీ అనలేదు. మూడో రొట్టె నిప్పుల మీదకెక్కేసరికి తనే చెయ్యి చాపి ఐదు లెక్కపెడుతోంది.

రాత్రి సంగతులు పెద్దగా చెప్పడానికి లేవు. చలికి నేనూ బావా తొమ్మిదిన్నరకే ఇంటికెళ్లిపోయాం. వాళ్లు ముగ్గురూ టెంట్లో, అక్క పెంపుడు కుక్క టెంటు బయట.

పొద్దున్నకి మిగిలిన పిండి బాగా పులిసింది. దాన్ని రొట్టెగా వేస్తే పుల్లగా ఉంటుంది, అందుకే మళ్లీ రొట్టె వెయ్యలేదు. అక్క పెరట్లో పనసచెట్టు ఉంది. ముందు రోజు సాయంత్రమే నాలుగేసి ఆకులు కలిపి కొబ్బరి ఈనెలతో గుచ్చి, పాతిక బుట్టలు కుట్టి పెట్టింది. పొట్టిక్కలకి, అంటే పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికే ఇడ్లీలకి. అంబాజీపేట వైపు వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ హోటళ్లలోనే అమ్ముతారు. గుండిగలో నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు పోసి, నీళ్లకి పైన పుల్లలు అడ్డంగా పేర్చి, వరిగడ్డి పరిచి, బుట్టల్లో సగం దాకా పిండి పోసి నిలబెట్టాం. సగమే. ఈ పాఠం నాకు వంతెన మీదే అయింది. దీనికి నిప్పులతో పని లేదు, మంటే కావాలి. కమ్మలన్నీ తగలేశాం. ఇరవై నిమిషాలు.

ఆకు విప్పగానే స్నేహితురాళ్లలో ఒకమ్మాయి "ఇది మా కొట్టె కడుబు" అని కేకేసింది. వాళ్లది ఉడిపి వైపట. అక్కడా పనసాకు బుట్టలేనట, ఇలాగే ఆవిరి మీద. ఈనె గుచ్చే తీరు మాత్రం వేరని అక్క చేతిలోంచి ఆకులు తీసుకుని తన పద్ధతిలో ఒకటి కుట్టి చూపించింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కారదా?" అంది. నీళ్లు పోసి చూశారు. కారలేదు. ఆ తర్వాత ఇద్దరూ భాష లేకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు.

మేం సామాను సర్దేసరికి పోటు పొయ్యి దాకా వచ్చేసింది. బావ లెక్క తప్పలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే కారులో క్యాను ఉంది, గరిటె ఉంది, ఖాళీ సీసాలు ఉన్నాయి, మూకుడు లేదు. ఫోన్ చేస్తే అక్క, "తోమి ఎండబెట్టాను, వచ్చినప్పుడు తీసుకెళ్దువులే" అంది. ఈ నెల్లో రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఇంకా ఎండలేదట.