సైనిక ఆర్కైవ్స్ పనిలోకి ఎలా వచ్చాను: నా అనుభవం

హిస్టరీ చదివే పిల్లలు ఈ పనిలోకి ఎలా రావాలని అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో బెలారస్, ఉక్రెయిన్‌లలో యూదులను చంపడంలోనూ, సోవియట్ యుద్ధఖైదీలను ఆకలికి వదిలేయడంలోనూ జర్మన్ సైన్యం చేతులు ఎంతవరకు ఉన్నాయో ఆ సైన్యం రాసుకున్న కాగితాల్లోనే వెతకడం, ఏ ఫైలులో ఏముందో సూచిక తయారుచేయడం నా పని. "ఎక్కడో చచ్చినోళ్ల లెక్కలు నీకెందుకు బిడ్డా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. అదంతా ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) వాళ్ల పని, సైన్యానికి సంబంధం లేదని యుద్ధం తర్వాత జనరళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు, చాలామంది నమ్మారు కూడా. అది అబద్ధమని తేలింది ఈ కాగితాల వల్లే.

ఉస్మానియాలో ఎం.ఏ. అయ్యాక తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలం దస్త్రాలకు జాబితా రాసే ప్రాజెక్టులో చేరాను. జీతం తక్కువ, దుమ్ము ఎక్కువ, కానీ అసలు చదువు అక్కడే. "కట్ట విప్పే ముందే వరుస రాసుకో అమ్మా" అనేవారు అక్కడి ఒక పెద్దాయన. కాగితం ఏ శాఖలో పుట్టింది, ఏ కాగితం పక్కన ఉంది అన్నది కూడా సాక్ష్యమే, ఆ వరుస చెదిరితే సగం సాక్ష్యం పోయినట్టే. తర్వాత ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో డిప్లొమా, తిరిగొచ్చి హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో జర్మన్. భాష రాకుండా ఈ రంగంలోకి రాకండి, అనువాదాల మీద ఆధారపడి ఈ పని చేయలేం.

ఇక కాగితాలు ఎక్కడున్నాయంటే, జర్మన్ భూసైన్యం ఆర్కైవ్ బెర్లిన్ పక్కన పోట్స్‌డామ్‌లో ఉండేది, 1945 ఏప్రిల్ బాంబుదాడిలో చాలా భాగం కాలిపోయింది. మిగిలినవాటిలో అమెరికన్లకు దొరికినవి వర్జీనియాలోని అలెగ్జాండ్రియాకు చేరాయి, అక్కడ మైక్రోఫిల్మ్ తీసి పశ్చిమ జర్మనీకి తిరిగి ఇచ్చారు. ఇప్పుడవి జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో ఉన్న మిలటరీ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాళ్ల కేటలాగ్ పేరు ఇన్వెనియో, ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. అందులో భూసైన్యం ఫైళ్లకు ఆర్‌హెచ్ అనే గుర్తు ఉంటుంది: ఆర్‌హెచ్ 20 అంటే ఆర్మీల ఫైళ్లు, 22 అంటే యుద్ధరంగం వెనక ప్రాంతాల కమాండర్లవి, 26 అంటే డివిజన్లవి. ఫైలు నంబర్లతో సహా పని ప్లాన్ రాసి పెట్టుకున్నాకే వీసాకు వెళ్లాను. వీసా టెన్షన్ మామూలుగా లేదు, పాత మిలటరీ ఫైళ్లు చదవడానికి అంత దూరం ఎందుకని కౌంటర్‌లో అడిగితే ఆ ప్లానే చూపించాను.

అందరూ ముందు చదివేది యుద్ధ డైరీ, అంటే ప్రతి దళం రోజువారీగా రాసుకున్న దినచర్య. అందులో ఏ దళం ఎటు కదిలిందన్నదే ఎక్కువ. నేరం కనిపించేది అనుబంధాల్లో: గూఢచార విభాగం నివేదికలు, సరఫరా విభాగం పట్టికలు. ఉదాహరణకు, బెలారస్‌లో ఉన్న 707వ పదాతి డివిజన్ 1941 శరత్కాలంలో ఒక నెలలో 10,940 మందిని పట్టుకున్నామని, వాళ్లలో 10,431 మందిని కాల్చేశామని రాసింది. గెరిల్లాలతో పోరాటం అని దాని వివరణ. అదే కాలంలో వాళ్ల నష్టం ఇద్దరు చనిపోవడం, ఐదుగురు గాయపడటం. నిజంగా పోరాటమే జరిగితే లెక్క ఇలా రాదు. ఒక కాలమ్ పక్కన ఇంకో కాలమ్ పెట్టి చదవడమే ఈ పనిలో సగం. సరఫరా కాగితాలూ అంతే. సైన్యం సరఫరా విభాగాధిపతి ఎడువార్డ్ వాగ్నర్ 1941 అక్టోబర్‌లో ఖైదీల రేషన్ కోసేశాడు, నవంబర్ 13న బెలారస్‌లోని ఓర్షాలో జరిగిన సమావేశంలో పనిచేయని ఖైదీలు ఆకలితో చావాల్సిందేనని చెప్పాడు. దాదాపు 57 లక్షల మంది సోవియట్ సైనికులు పట్టుబడితే 30 లక్షలకు పైగా చనిపోయారు. ఇది తెలిశాక ఒక క్యాంపు రొట్టెల పట్టికను మామూలు కాగితంలా చూడలేం.

జాగ్రత్త గురించి ఒక మాట. ఈ విషయం మీదే 1995లో హాంబర్గ్‌లో ఎగ్జిబిషన్ పెట్టారు, జర్మనీ అంతా పెద్ద గొడవైంది. కొన్ని ఫొటోల్లో ఉన్నది సోవియట్ రహస్య పోలీసులు చంపినవాళ్లని తేలింది, 1999లో ఆపేసి, అంతా మళ్లీ పరిశీలించి 2001లో కొత్తగా తెరిచారు. అసలు వాదన నిలిచింది, కానీ నాలుగు తప్పు ఫొటోలు దొరికితే చాలు, మొత్తం అబద్ధమనేవాళ్లు సిద్ధంగా ఉంటారు. అందుకే ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కాగితం ఎంత బలంగా కనిపించినా నేను సూచికలో చేర్చను.

మనసు సంగతి కూడా చెప్పాలి. కీవ్ పక్కన బాబీ యార్ అనే లోయలో 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో చంపిన యూదుల సంఖ్య ఎస్‌ఎస్ నివేదికలో 33,771 అని ఉంది. అంత కచ్చితంగా లెక్కపెట్టారంటే ఎవరో పక్కన నిలబడి లెక్క రాసుకున్నారని కదా. అది మొదటిసారి చదివిన రోజు అన్నం సహించలేదు. ఇప్పుడు రాత్రిపూట ఆ ఫైళ్లు ముట్టను, ఇంట్లోవాళ్లతో కాకుండా ఇదే పని చేసే ఇంకొకరితో మాట్లాడతాను. మీరూ ముందే అలాంటి మనిషిని చూసుకోండి.

మన దగ్గర సంగతేంటని కూడా అడుగుతారు. 1948 పోలీసు చర్య తర్వాత నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాష్ట్రంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది, చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు జనానికి అందలేదు, 2013లో ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్‌లో అందరూ చూసే వీలు కలిగింది. రెండూ ఒకటే అనడం లేదు. కాగితాన్ని బయట పెట్టడం ఎంత అవసరమో చెబుతున్నానంతే.

మొదలుపెట్టాలనుకుంటే ఒక డివిజన్, ఒక నెల తీసుకోండి, మైక్రోఫిల్మ్ స్కాన్లు దొరికినంతవరకు ఇక్కడే చదివి, తర్వాతే ఫ్రైబుర్గ్ గురించి ఆలోచించండి. నేనిప్పుడు ఆర్‌హెచ్ 22 మీద ఉన్నాను, 1941 ఫైళ్లకు సూచిక పూర్తయింది, 1942వి మొదలుపెట్టాలి.